చిగుళ్ల నుంచి రక్తం వస్తే క్యాన్సర్ ముప్పు ఉన్నట్టేనా? ఆ 50 శాతం లెక్క గురించి

ప్రశ్న: మా నాన్నగారు చాలా ఏళ్లు సిగరెట్లు కాల్చారు. స్వరపేటిక క్యాన్సర్ వచ్చింది, రేడియేషన్ పూర్తయింది, ఇప్పుడు బాగానే ఉన్నారు. నాకు 44 ఏళ్లు. పొగ, మందు అలవాటు లేదు. కానీ చాలాకాలంగా బ్రష్ చేస్తుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. నోటి బ్యాక్టీరియా వల్ల తల, మెడ క్యాన్సర్ (నోరు, గొంతు, స్వరపేటికల్లో వచ్చేవి) ముప్పు 50 శాతం పెరుగుతుందని వార్త చదివినప్పటి నుంచి ఒకటే టెన్షన్. రోజూ మూడుసార్లు మౌత్‌వాష్ వాడుతున్నాను. యాంటీబయాటిక్ కోర్సు వేసుకోవాలా? నోటి బ్యాక్టీరియా టెస్టు చేయించుకోవాలా?

సమాధానం:

ఇంట్లో ఒకరికి ఈ జబ్బు వచ్చాక ఇలాంటి వార్త చదివితే ఎవరికైనా భయం వేస్తుంది. ముందు మీరు అడిగినవాటికి సూటిగా చెప్తాను. యాంటీబయాటిక్ వద్దు. టెస్టుకు డబ్బు పెట్టకండి. మూడు పూటలా మౌత్‌వాష్ ఆపేయండి. చిగుళ్లకు మాత్రం ఆలస్యం చేయకుండా వైద్యం చేయించుకోండి. ఆ వార్త రాకపోయినా మీరు చేయించుకోవాల్సిన వైద్యమే అది.

నేను చిగుళ్ల వైద్యంలో ఉన్నాను. క్యాన్సర్ రోగులకు రేడియేషన్ మొదలుపెట్టే ముందు పళ్లు, చిగుళ్లు సరిచేసి పంపడం నా పనిలో పెద్ద భాగం. అందుకే ఈ విషయం కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు చదివిన వార్తకు ఆధారం 2024 సెప్టెంబరులో జామా ఆంకాలజీ అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన. న్యూయార్క్ యూనివర్సిటీ (ఎన్‌వైయూ)కి చెందిన లాంగోన్ వైద్య కేంద్రం వాళ్లు చేశారు. అమెరికాలో మూడు పెద్ద అధ్యయనాలు ఏళ్ల తరబడి 1,59,840 మందిని గమనిస్తూ వచ్చాయి. వాళ్లు చేరిన కొత్తలోనే నోరు పుక్కిలించి ఇచ్చిన నమూనాలను భద్రపరిచారు. సుమారు 10 నుంచి 15 ఏళ్ల పాటు ఎవరికి ఏ జబ్బు వచ్చిందో నమోదు చేశారు. తర్వాత తల, మెడ క్యాన్సర్ వచ్చిన 236 మంది పాత నమూనాలను, రాని 485 మంది నమూనాలను తీసి, వాటిలోని సూక్ష్మజీవుల డీఎన్ఏను పోల్చి చూశారు.

ఇందులో గొప్ప విషయం ఆ నమూనాలు క్యాన్సర్ బయటపడక ముందే తీసినవి కావడం. అంతకు ముందు జరిగిన చాలా పరిశోధనల్లో క్యాన్సర్ వచ్చాక నోట్లో బ్యాక్టీరియా చూసేవారు. గడ్డ పెరిగిన చోట కణజాలం చచ్చిపోతుంది, రక్తం ఊరుతుంది, ఆక్సిజన్ తగ్గుతుంది, రోగి సరిగ్గా తినలేడు, బ్రష్ చేసుకోలేడు. అలాంటి చోట చెడ్డ బ్యాక్టీరియా పెరగడం సహజం. మరి బ్యాక్టీరియా వల్ల గడ్డ వచ్చిందా, గడ్డ వల్ల బ్యాక్టీరియా వచ్చిందా? ఆ పరిశోధనలు దీనికి జవాబు చెప్పలేవు. ముందే తీసిన నమూనాలతో ఆ చిక్కు చాలావరకు తీరింది. పొగ, మద్యం, వయసు లాంటివి కూడా లెక్కలోకి తీసుకున్నారు. కాబట్టి ఇది కొట్టిపారేయదగ్గ పని కాదు. నాకు దాని మీద గౌరవం ఉంది.

క్యాన్సర్ ముప్పుతో కొత్తగా సంబంధం కనిపించిన బ్యాక్టీరియా జాతులు 13. మొత్తంగా ఈ గుంపుతో ముడిపడి ముప్పు సుమారు 30 శాతం ఎక్కువగా కనిపించింది. చిగుళ్ల జబ్బులో మామూలుగా కనిపించే మరో 5 జాతులను కూడా కలిపి చూస్తే అది 50 శాతానికి చేరింది. వార్తల్లోకి ఎక్కిన అంకె ఇదే.

ఈ 50 శాతాన్ని చాలామంది 'నూటికి 50 మందికి క్యాన్సర్ వస్తుంది' అని చదువుకుంటున్నారు. అది పూర్తిగా తప్పు. అసలు ముప్పు ఎంత ఉందో దాని మీద సగం పెరుగుదల అని అర్థం. లెక్క కోసం ఒక ఊహ తీసుకుందాం: ఒక రకం మనుషుల్లో జీవితకాలంలో 1000 మందిలో 6 మందికి ఈ జబ్బు వస్తుందనుకుంటే, 50 శాతం పెరిగితే 9 మందికి వస్తుంది. మిగతా 991 మందికి రాదు. ఇంకో విషయం, పరిశోధకులు ఈ బ్యాక్టీరియా మోతాదులన్నీ కలిపి ఒక స్కోరు తయారుచేశారు. ఆ స్కోరు పెరిగే కొద్దీ ముప్పు ఎంత పెరిగిందన్నదే ఆ శాతం. ఫలానా బ్యాక్టీరియా నోట్లో కనిపించింది కాబట్టి ఫలానా మనిషికి క్యాన్సర్ వస్తుందని చెప్పే లెక్క కాదు అది.

పొగాకుతో పోల్చి చూస్తే ఈ 50 శాతం స్థాయి తెలుస్తుంది. పొగాకు ఈ ముప్పును ఎన్నో రెట్లు పెంచుతుంది. పొగ, మద్యం రెండూ కలిస్తే ముప్పు కూడుకుంటూ కాదు, హెచ్చవేసినట్టు పెరుగుతుంది. వక్కను కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో పెట్టింది. ఇవేవీ లేని మీ ముప్పు మొదటే తక్కువ. దాని మీద సగం పెరిగినా తక్కువే.

అయితే బ్యాక్టీరియాకు నిజంగా పాత్ర ఉందా అంటే, ఉండే అవకాశం బలంగానే ఉంది. మనుషుల నోళ్లలో ఇప్పటివరకు గుర్తించిన బ్యాక్టీరియా జాతులు 700కు పైనే. వాటిలో ఎక్కువ భాగం మనతో సఖ్యంగా బతికేవే. చిగురుకీ పంటికీ మధ్య సందు లోతుగా మారి, అక్కడ గాలి సోకని చోట పాచి పేరుకుపోయినప్పుడు మరో రకం గుంపు పైచేయి సాధిస్తుంది. 1998లో అమెరికా చిగుళ్ల పరిశోధకుడు సోక్రాన్‌స్కీ బృందం చిగుళ్ల జబ్బులో కలిసి కనిపించే జాతులను రంగుల పేర్లతో గుంపులుగా విడదీసింది. అన్నిటికన్నా హానికరమైనది ఎర్ర గుంపు. పోర్ఫిరోమొనాస్ జింజివాలిస్, టానెరెల్లా ఫోర్సిథియా, ట్రెపొనీమా డెంటికోలా అందులోవి. నారింజ గుంపులో ఫ్యూసోబ్యాక్టీరియం న్యూక్లియేటం ఒకటి.

పోర్ఫిరోమొనాస్ చేసే పని చూడండి. దెబ్బతిన్న కణం మామూలుగా తనంతట తానే చనిపోవాలి, అది శరీరం పెట్టుకున్న రక్షణ. ఈ బ్యాక్టీరియా చిగురు కణంలోకి దూరి ఆ చావును ఆపగలదని ప్రయోగశాలలో చూశారు. తను బతకడానికి ఇల్లు కావాలి కాబట్టి కణాన్ని బతికించుకుంటుంది. ఆ కణంలో అప్పటికే జన్యుపరమైన దెబ్బ ఉంటే అదీ బతికిపోతుంది. ఇది విడుదల చేసే ఎంజైములు కణాల మధ్య అల్లికను కరిగిస్తాయి. ఫ్యూసోబ్యాక్టీరియం ఉపరితలం మీద ఫాడ్‌ఏ అనే ప్రొటీన్ ఉంటుంది. అది కణాలకు అతుక్కుని, అవి పెరిగేలా ప్రేరేపిస్తుంది. ఇది పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో బాగా రుజువైంది. ఫ్యాప్2 అనే మరో ప్రొటీన్‌తో రోగనిరోధక కణాల చేతులు కట్టేస్తుంది. క్యాన్సర్ కలిగించే రసాయనం ఇచ్చిన ఎలుకలకు ఈ రెండు బ్యాక్టీరియాలు కూడా ఎక్కిస్తే నాలుక మీద గడ్డలు మరింత తీవ్రంగా వచ్చాయని 2015లో ఒక ప్రయోగం చూపించింది.

వీటన్నిటి కన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఏళ్ల తరబడి ఆరని వాపు. లోతైన సందులు నోరంతా ఉంటే లోపల ఉన్న మొత్తం పుండు చిన్నదేమీ కాదు. బయటికి కనిపించదు, నొప్పి ఉండదు, కానీ శరీరం రోజూ అక్కడ పోరాడుతూనే ఉంటుంది. ఎక్కడైనా సరే, దీర్ఘకాలం వాపు ఉంటే కణాలు మళ్లీ మళ్లీ విభజన చెందాలి, ప్రతి విభజనలో పొరపాటుకు అవకాశం ఉంటుంది.

మద్యం తాగేవారి విషయంలో ఇంకో దారి ఉంది. మద్యంలోని ఆల్కహాల్‌ను నోట్లోని కొన్ని బ్యాక్టీరియాలు, కాండిడా అనే ఫంగస్ ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తాయి. మద్యంతో వచ్చే ఎసిటాల్డిహైడ్ ఐఏఆర్‌సీ మొదటి వర్గంలోనే ఉంది. దాన్ని విరగ్గొట్టే శక్తి నోటి పొరకు తక్కువ. నోటి శుభ్రత సరిగా లేనివారి లాలాజలంలో ఇది ఎక్కువగా తయారవుతుందని చూశారు. మీకు మందు అలవాటు లేదు కాబట్టి ఇది మీకు వర్తించదు. చదివే మిగతావారి కోసం రాశాను.

ఇంతవరకు చదివి బ్యాక్టీరియానే శత్రువు అనుకోవద్దు. విషయం అంత తేలిక కాదు. 2024లోనే లండన్ పరిశోధకులు ప్రచురించిన పని ఒకటి ఉంది. తల, మెడ క్యాన్సర్ గడ్డలో ఫ్యూసోబ్యాక్టీరియం ఉన్న రోగులు, అది లేనివారికన్నా ఎక్కువకాలం బతికారు. ప్రయోగశాలలో క్యాన్సర్ కణాలకు ఈ బ్యాక్టీరియాను తగిలిస్తే ఆ కణాలు పెద్ద ఎత్తున చనిపోయాయి. పెద్దపేగు క్యాన్సర్‌లో ఇదే బ్యాక్టీరియా రోగికి చెడు చేస్తుంది. ఒకే జీవి ఒకచోట ఒకలా, ఇంకోచోట మరోలా ప్రవర్తిస్తోంది. జబ్బు మొదలవడంలో ఒక పాత్ర, మొదలయ్యాక మరో పాత్ర ఉండొచ్చు.

అలాగే 2018లో అదే ఎన్‌వైయూ బృందం ఇంకో విషయం చూసింది. కొరినీబ్యాక్టీరియం, కింగెల్లా అనే జాతులు ఎక్కువగా ఉన్నవారిలో ఈ క్యాన్సర్ తక్కువగా కనిపించింది. పొగాకులోని కొన్ని విషపదార్థాలను విరగ్గొట్టే శక్తి నోటి బ్యాక్టీరియాకు ఉండటం దీనికి కారణం కావొచ్చని వాళ్ల ఆలోచన. అంటే మీ నోట్లో మిమ్మల్ని కాపాడుతున్న బ్యాక్టీరియా కూడా ఉండొచ్చు.

యాంటీబయాటిక్ వద్దని ఎందుకన్నానో ఇప్పుడు అర్థమవుతుంది. అది మంచీ చెడూ చూడదు. పైగా పళ్లకు పట్టిన పాచి ఒక జిగురు పొరలో ఉంటుంది, మందు దాని లోపలికి సరిగా వెళ్లదు. కోర్సు అయిన కొన్ని వారాల్లో పాత గుంపు తిరిగి వస్తుంది, ఈసారి మందుకు లొంగని రకాలతో. కాండిడా కూడా విజృంభించవచ్చు. కొన్ని రకాల తీవ్రమైన చిగుళ్ల జబ్బులో మేం యాంటీబయాటిక్ ఇస్తాం, అది కూడా లోతుగా శుభ్రం చేసినప్పుడు తోడుగా మాత్రమే. క్యాన్సర్ రాకుండా ఉండటానికి ఇవ్వం.

మౌత్‌వాష్ విషయానికొస్తే, గోడకు గట్టిపడిన నాచు మీద నీళ్లు చల్లితే ఎంత ప్రయోజనమో గార పట్టిన పళ్లకు మౌత్‌వాష్ వల్ల అంతే. చిగురు కిందకి అది వెళ్లదు. క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక మందు ఉన్నది ఎక్కువకాలం వాడితే పళ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి, రుచి మారుతుంది. నాలుక వెనక భాగంలో ఉండే బ్యాక్టీరియా కూరగాయల్లోని నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తాయి. శరీరం దాన్ని రక్తనాళాలు సడలడానికి వాడుకుంటుంది. ఘాటైన మౌత్‌వాష్‌తో వాటిని చంపితే కొందరిలో బీపీ కొద్దిగా పెరిగిందని పరిశోధనల్లో కనిపించింది. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ క్యాన్సర్ తెస్తుందని రుజువు కాలేదు, కానీ ఆల్కహాల్ లేనివి దొరుకుతున్నప్పుడు దాని అవసరం లేదు. డాక్టర్ ఏదైనా చికిత్స తర్వాత రెండు వారాలు వాడమంటే వాడండి, తర్వాత ఆపేయండి.

ఇక ఆ టెస్టు. ఉమ్మి పంపిస్తే బ్యాక్టీరియా జాబితా ఇచ్చే కిట్లు అమ్ముతున్నారు. జాబితా వస్తుంది. కానీ అది చూసి మీకు క్యాన్సర్ వస్తుందో రాదో చెప్పడానికి ఆమోదించిన హద్దులు, ప్రమాణాలు లేవు. చెడ్డవి ఉన్నాయని వచ్చినా చేయాల్సింది చిగుళ్ల వైద్యమే, లేవని వచ్చినా రక్తం కారే చిగుళ్లకు చేయాల్సింది అదే. ఫలితం ఏదైనా చికిత్స మారనప్పుడు ఆ పరీక్ష ఎందుకు?

చిగుళ్ల వైద్యం చేయించుకుంటే క్యాన్సర్ తగ్గుతుందా అని మీరు అడగొచ్చు. కడుపు విషయంలో హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా క్యాన్సర్ కారకమని 1994లోనే ఐఏఆర్‌సీ ప్రకటించింది. దాన్ని మందులతో తొలగిస్తే కడుపు క్యాన్సర్ తగ్గుతుందని మనుషుల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది కూడా. నోటి బ్యాక్టీరియా విషయంలో ఆ మెట్టు ఇంకా ఎక్కలేదు. ప్రస్తుతం ఉన్నది సంబంధం, రుజువైన కారణం కాదు. నోటి శుభ్రత బాగా ఉన్నవారిలో, ఏటా పళ్ల డాక్టర్‌ను కలిసేవారిలో ఈ క్యాన్సర్లు కొంత తక్కువగా ఉన్నాయని అనేక దేశాల సమాచారాన్ని కలిపి చూసిన పరిశోధనలు చెప్తున్నాయి. నా రోగులకు నేను చెప్పేది ఇంతే: పళ్లు నిలబడటానికి, షుగర్ అదుపులో ఉండటానికి చిగుళ్ల వైద్యం తప్పకుండా పనికొస్తుంది. క్యాన్సర్ ముప్పు కూడా తగ్గితే అది అదనపు లాభం.

డాక్టర్ దగ్గర ఏం జరగాలో తెలుసుకుని వెళ్లండి, ఎందుకంటే చాలాచోట్ల పైపైన క్లీనింగ్ చేసి పంపేస్తారు. ప్రతి పంటి చుట్టూ ఆరు చోట్ల సన్నని కొలత పుల్లతో సందు లోతు చూడాలి. 3 మిల్లీమీటర్ల వరకు మామూలే. 4, ఆపైన ఉండి రక్తం వస్తే జబ్బు ఉన్నట్టు. ఎముక ఎంత అరిగిందో ఎక్స్‌రేలో చూడాలి. ఆ తర్వాత చిగురు కింద వేరు మీద ఉన్న గార వరకు శుభ్రం చేయాలి. ఆరు నుంచి పన్నెండు వారాలకు మళ్లీ అవే కొలతలు తీయాలి. ఈ రెండోసారి కొలతలు అడిగి తీసుకోండి, జబ్బు తగ్గిందో లేదో చెప్పేది అవే. ఆ తర్వాత మొదట్లో మూడు నాలుగు నెలలకోసారి వెళ్లాల్సి రావొచ్చు.

క్లీనింగ్ చేస్తే పళ్లు వదులవుతాయని భయపడి మానేసేవారు చాలామంది. వదులు చేసేది ఎముకను తినేసిన జబ్బు. గార పోయాక వాపు తగ్గి చిగురు కిందికి దిగుతుంది, సందులు కనిపిస్తాయి, కొన్నాళ్లు చల్లటివి జివ్వుమంటాయి. అది మానుతున్న లక్షణం. ఇంట్లో రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు మెత్తటి బ్రష్‌తో చిగురు అంచు మీద తోమండి. పళ్ల మధ్యకు ఫ్లాస్ గానీ, సందు పెద్దదైతే చిన్న ఇంటర్‌డెంటల్ బ్రష్ గానీ రోజుకోసారి వాడండి. రక్తం వస్తోందని ఆ చోటు వదిలేయకండి, సాధారణంగా అక్కడే ఎక్కువ శుభ్రం కావాలి. ఒకసారి షుగర్ పరీక్ష కూడా చేయించండి. అదుపులో లేని షుగర్, చిగుళ్ల జబ్బు ఒకదాన్నొకటి పెంచుతాయి.

నాన్నగారి వల్ల మీకు ముప్పు కొద్దిగా పెరుగుతుంది, కానీ పొగ, మద్యం తోడైనవారిలోనే ఆ తేడా పెద్దది. ఆయన కాల్చే రోజుల్లో ఇంట్లో మీరు పీల్చిన పొగ గురించి మీ డాక్టర్‌కు చెప్పండి. ఈ క్యాన్సర్లలో గొంతు వెనక భాగం, టాన్సిల్ దగ్గర వచ్చేవాటికి హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ) పెద్ద కారణం, పొగ తాగనివారిలో కూడా. పిల్లలుంటే చిన్న వయసులోనే ఆ వైరస్ సోకకుండా వేసే టీకా గురించి అడగండి.

బ్యాక్టీరియా లెక్కల కన్నా మిమ్మల్ని నిజంగా కాపాడేది నోరు చూపించుకోవడం. మూడు వారాలైనా మానని పుండు, ఎర్రటి లేదా గీకినా పోని తెల్లటి మచ్చ, మెడలో గడ్డ, మూడు వారాలు దాటిన బొంగురు, మింగేటప్పుడు అడ్డుపడటం, ఒకవైపు చెవినొప్పి, కారణం లేకుండా ఒక్క పన్నే వదులవడం, నోరు తెరుచుకోకపోవడం. వీటిలో ఏదైనా ఉంటే నొప్పి లేదని ఊరుకోవద్దు. మొదట్లో నొప్పి ఉండదు. ముఖ్యంగా ఎర్ర మచ్చను తేలిగ్గా తీసుకోకూడదు. చిగుళ్ల పరీక్షకు వెళ్లినప్పుడే నాలుక పక్కలు, నాలుక కింద, బుగ్గల లోపల, మెడ కూడా చూడమని అడగండి. కొన్ని నిమిషాల పని.

మీరు అడగలేదు గానీ నాన్నగారి గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. మెడకు రేడియేషన్ అయినవారిలో లాలాజలం తగ్గితే పళ్లు చాలా త్వరగా పుచ్చుతాయి, చాలావరకు చిగురు అంచు దగ్గర మొదలవుతుంది. ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న పేస్టు లేదా జెల్ ఆయనకు అవసరమా అని అడగండి. అంతకన్నా ముఖ్యమైనది, ఆయనకు ఎప్పుడైనా, పదేళ్ల తర్వాతైనా సరే, పన్ను తీయాల్సి వస్తే ముందుగా రేడియేషన్ జరిగిందని ఆ డాక్టర్‌కు చెప్పాలి. కిరణాలు తగిలిన దవడ ఎముకకు రక్త సరఫరా తగ్గిపోతుంది. అలాంటి చోట పన్ను తీస్తే గాయం మానక ఎముక చచ్చిపోయే ప్రమాదం ఉంది. స్వరపేటికకు మాత్రమే ఇచ్చి ఉంటే దవడకు తగిలింది తక్కువే కావొచ్చు, మెడ గ్రంథులకు కూడా ఇచ్చి ఉంటే ఎక్కువ కావొచ్చు. ఎక్కడ ఎంత తగిలిందో రేడియేషన్ చేసిన విభాగం దగ్గర వివరంగా రాసి ఉంటుంది. ఆ కాగితం ఒక కాపీ తెచ్చుకుని ఇంట్లో పెట్టుకోండి, ఏ పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఆయన చేతికి ఇచ్చి పంపండి.